రక్తపింజర కరిస్తే రక్తం ఎందుకు గడ్డకట్టదు? థ్రాంబిన్ గురించి కొంచెం వివరంగా

కళ్యాణదుర్గం దగ్గర వేరుశనగ పీకుతుండగా మీ నాన్నగారిని రక్తపింజర కరిచిందని, అనంతపురం ఆసుపత్రికి తీసుకువచ్చాక డాక్టరు కాస్త రక్తం తీసి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు పక్కన పెట్టారని, అది గడ్డకట్టనే లేదని రాశారు. ఎందుకని అడిగితే ‘ఈ విషం రక్తాన్ని గడ్డకట్టిస్తుంది’ అన్నారు. మీరు డిగ్రీలో జీవరసాయన శాస్త్రం చదువుతున్నారు కాబట్టి ఆ మాట మింగుడు పడలేదు. గడ్డకట్టించే విషం ఒంట్లోకి వెళితే రక్తం గడ్డకట్టకపోవడమేమిటి? ఇది మీ మొదటి సందేహం. విరుగుడు మందు ఎక్కించాక కూడా మర్నాటి దాకా రక్తం తీరుకు రాలేదెందుకు అన్నది రెండోది. ఇంటికి వచ్చారు కదా, ఇక గండం గడిచినట్టేనా అన్నది మూడోది.

చాలాకాలం అనంతపురం, కర్నూలు ఆసుపత్రుల రక్త పరీక్షల విభాగాల్లో పనిచేసిన వాణ్ని. అక్టోబరు, నవంబరు నెలల్లో వేరుశనగ పీకే రోజులు వచ్చాయంటే ఈ గాజు గొట్టాలు మా బల్ల మీద వరుసగా నిలబడేవి. ఎలుకలు కాయ కోసం చేలోకి వస్తాయి, వాటి కోసం పింజర వస్తుంది, తీగ కింద చెయ్యి పెట్టిన మనిషి మధ్యలో దొరికిపోతాడు. అందువల్ల మీ ప్రశ్నకు కాస్త తీరికగానే జవాబు రాస్తున్నాను.

డాక్టరు చెప్పిందీ నిజమే, గొట్టంలో మీరు చూసిందీ నిజమే. పెళ్లికని గాదెలో దాచిన బియ్యాన్ని ఎవరో వచ్చి దారిన పోయే ప్రతివాడికీ గుప్పెడేసి పంచేస్తే, తీరా ముహూర్తానికి గాదెలో గింజ ఉండదు. విషం చేసిన పని అదే. గాయం ఉన్న చోట గడ్డకట్టడానికి దాచుకున్న ఫైబ్రినోజెన్ అనే ప్రోటీనును ఒళ్లంతా, అక్కర లేని చోటల్లా, కంటికి కనిపించనంత చిన్న పోగులుగా మార్చి ఖర్చు చేసేసింది. గొట్టంలోకి వచ్చిన రక్తంలో గడ్డకట్టడానికి సరుకే మిగల్లేదు. ఆ ఖర్చు చేయించిన చెయ్యి థ్రాంబిన్ అనే ఎంజైముది. పాము విషం స్వయంగా గడ్డకట్టించలేదు. మీ నాన్నగారి థ్రాంబిన్‌తోనే ఆ పని చేయించింది. ఇది అర్థం కావాలంటే ప్రోథ్రాంబిన్ నుంచి థ్రాంబిన్, ఫైబ్రినోజెన్ నుంచి ఫైబ్రిన్ అని చూపే పాఠ్యపుస్తకంలోని రెండు బాణాల బొమ్మను కాసేపు పక్కన పెట్టాలి. ఆ బొమ్మలో తప్పేమీ లేదు. కానీ థ్రాంబిన్ ఎక్కడ పుడుతోంది, ఎంత పుడుతోంది, ఎంతసేపు బతుకుతోంది అన్నవి అందులో ఉండవు. అసలు కథంతా ఆ మూడింటిలోనే ఉంది.

రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను పోగుగా మార్చే ఎంజైము ఒకటి ఉండి ఉంటుందని 1872లో అలెగ్జాండర్ ష్మిట్ అన్నాడు. నేడు ఎస్టోనియాలో టార్టుగా పిలుస్తున్న డోర్పాట్ నగరంలో ఆయన పనిచేసేవాడు. ఆ ఎంజైమే థ్రాంబిన్. అది ఎప్పుడూ సిద్ధంగా రక్తంలో తిరుగుతూ ఉంటే మనం బతకలేం. అందుకే ప్రోథ్రాంబిన్ అనే నిద్రావస్థలో ఉంటుంది. ప్రోథ్రాంబిన్ 579 అమైనో ఆమ్లాల గొలుసు. కాలేయం దాన్ని తయారు చేసి రక్తంలోకి వదులుతుంది. వదిలే ముందు గొలుసు మొదట్లో ఉన్న పది గ్లుటామిక్ ఆమ్లాలకు ఒక్కోదానికి ఒక్కో కార్బాక్సిల్ సమూహాన్ని అదనంగా తగిలిస్తుంది. ఆ పనికి విటమిన్ కె కావాలి. ఇలా తగిలించిన చోట కాల్షియం పట్టుకుంటుంది, కాల్షియం పట్టుకున్నాకే ప్రోథ్రాంబిన్ కణత్వచం మీది ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు అణువులను అంటిపెట్టుకోగలదు. విటమిన్ కె లేకపోతే కాలేయం ప్రోథ్రాంబిన్‌ను తయారు చేస్తుంది గానీ అది ఎక్కడా అతుక్కోలేదు, రక్తంలో ఊరికే తేలుతూ పోతుంది. కోపెన్‌హాగెన్‌లో కోడిపిల్లల మీద పరిశోధన చేసి ఈ విటమిన్‌ను కనిపెట్టిన హెన్రిక్ డామ్‌కు 1943 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. పుట్టిన బిడ్డ తొడకు విటమిన్ కె సూది వేయడం వెనక ఉన్న కారణం కూడా ఇదే.

‘అతుక్కోవడం’ అన్న చోట కాస్త ఆగండి. అక్కడే అంతా ఉంది. గడ్డకట్టడంలో పాలుపంచుకునే రక్త ప్రోటీన్లను కారకాలని, అంకెలతో పిలుస్తారు. ప్రోథ్రాంబిన్‌ను రెండు చోట్ల కోసి థ్రాంబిన్‌గా మార్చేది పదో కారకం, అదీ చురుకు రూపంలో ఉన్నప్పుడు. రక్తంలో అది ఒంటరిగా తిరుగుతున్నంతసేపు ఆ కోత పని నత్తనడకన సాగుతుంది. అదే పదో కారకం చురుకైన అయిదో కారకంతో జతకట్టి, కాల్షియం సాయంతో, ప్లేట్‌లెట్ ఒంటి మీద కూర్చుంటే వేగం దాదాపు మూడు లక్షల రెట్లు పెరుగుతుంది. లెక్క వేసి చూడండి: ఆ జట్టు ఒక్క నిమిషంలో చేసే పనికి ఒంటరి కారకానికి సుమారు ఏడు నెలలు పడుతుంది. థ్రాంబిన్ ఎక్కడ పుట్టాలో శరీరం నిర్ణయించేది ఈ తేడాతోనే. గాయం దగ్గర ప్లేట్‌లెట్లు పోగవుతాయి, చురుకెక్కుతాయి, లోపలి వైపు ఉండే ఫాస్ఫోలిపిడ్లను బయటి వైపుకు తిప్పుతాయి. అలాంటి ఉపరితలం అక్కడ తప్ప మరో చోట దొరకదు కాబట్టి థ్రాంబిన్ కూడా అక్కడే పుడుతుంది.

మొదలు ఎలా అంటారా? రక్తనాళం తెగగానే దాని గోడ బయటి కణాల మీద ఉండే కణజాల కారకం రక్తానికి తగులుతుంది. మామూలుగా రక్తం దాని మొహం చూడదు. తగలగానే రక్తంలోని ఏడో కారకం దాన్ని పట్టుకుంటుంది, ఇద్దరూ కలిసి కాస్త పదో కారకాన్ని మేల్కొలుపుతారు, దాంతో అతి కొద్ది థ్రాంబిన్ పుడుతుంది. ఆ కొద్దిపాటి థ్రాంబిన్‌తో గడ్డ కట్టదు. కానీ అది ఊరుకోదు. చుట్టూ ఉన్న ప్లేట్‌లెట్లను రెచ్చగొడుతుంది. అయిదో కారకాన్ని, ఎనిమిదో కారకాన్ని, పదకొండో కారకాన్ని చురుకు చేస్తుంది. ఆ మూడూ కలిసి మళ్లీ థ్రాంబిన్ తయారీనే పెంచుతాయి. అంటే థ్రాంబిన్ తన పుట్టుకకు తానే దారి వేసుకుంటోంది. అప్పుడు ఒక్కసారిగా పెద్ద మొత్తంలో ఉప్పొంగుతుంది. పుట్టుకతోనే రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫిలియా జబ్బు ఉన్నవాళ్లలో లోపించేది ఈ రెండో విడతే. ఎనిమిదో కారకమో తొమ్మిదో కారకమో లేకపోవడంతో తొలి చిటికెడు పుడుతుంది గానీ ఉప్పెన రాదు. అందుకే వాళ్లకు చర్మం మీది చిన్న గీత ఆగిపోతుంది, మోకాలి కీలులో మాత్రం రక్తం నిండుతుంది.

ప్లేట్‌లెట్‌ను థ్రాంబిన్ రెచ్చగొట్టే తీరు నాకు ఎప్పటికీ పాతబడని విషయం. ప్లేట్‌లెట్ పైపొర మీద ఒక గ్రాహకం ఉంటుంది, దానికి బయటికి వేలాడే తోక ఉంటుంది. థ్రాంబిన్ వచ్చి ఆ తోక కొసను కోసి వెళ్లిపోతుంది. కోయగానే బయటపడిన కొత్త కొస వెనక్కి వంగి తన గ్రాహకాన్నే తాకి దాన్ని మేల్కొలుపుతుంది. తాళంచెవి తలుపుకే కట్టి ఉందన్నమాట. 1991లో షాన్ కఫ్లిన్ బృందం దీన్ని బయటపెట్టింది. ఒకసారి కోశాక మళ్లీ అతికించడం కుదరదు కాబట్టి ఆ గ్రాహకం ఒక్కసారికే పనికొస్తుంది.

ఇక ఫైబ్రినోజెన్ దగ్గరికి వద్దాం. మామూలు మనిషిలో ఇది నూరు మిల్లీలీటర్ల ప్లాస్మాలో 200 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పొడవాటి అణువు, రెండు చివర్లూ ఉబ్బుగా, నడుమ ఇంకో ఉబ్బు. ఆ నడిమి ఉబ్బు మీద నాలుగు చిన్న తునకలు మూతల్లా కూర్చుని ఉంటాయి. థ్రాంబిన్ చేసేదల్లా ఆ మూతలను కోసి పారేయడమే, అంతకు మించి ఏమీ లేదు. ముందు ఒక జత పోతుంది, కాస్త ఆలస్యంగా రెండో జత. మూత పోయిన చోట బయటపడ్డ కొసలు పక్క అణువు చివరి గుంటల్లో సరిగ్గా ఇమిడిపోతాయి. అణువు వెనక అణువు, వరుస పక్కన వరుస, వాటంతట అవే పేరుకుని ఫైబ్రిన్ అనే పోగు అవుతాయి. పోగులను థ్రాంబిన్ నేస్తుందని చాలామంది రాస్తారు. నేయదు. అడ్డు తొలగిస్తుంది, ఫైబ్రిన్ తనంతట తానే పేరుకుంటుంది. అయితే ఇలా పేరుకున్న పోగు గట్టిది కాదు. దాన్ని గట్టిపరిచే పదమూడో కారకాన్ని కూడా మళ్లీ థ్రాంబినే చురుకు చేస్తుంది, అది పక్కపక్క పోగుల మధ్య విడిపోని బంధాలు వేస్తుంది. ఈ బంధాల సంగతి గుర్తుంచుకోండి, మీ నాన్నగారి పరీక్ష కాగితంలో ఇది మళ్లీ ఎదురవుతుంది.

మరి ఇంత దూకుడు గల ఎంజైము గాయం దాటి ముందుకు కొట్టుకుపోతే? దానికి శరీరం దగ్గర రెండు కాపలాలు ఉన్నాయి. ఒకటి యాంటీథ్రాంబిన్, రక్తంలో తిరుగుతూ కనిపించిన థ్రాంబిన్‌ను పట్టి బిగించి పనికిరాకుండా చేస్తుంది. గడ్డలు పడకుండా వేసే హెపారిన్ సూది చేసే పని ఈ పట్టును దాదాపు వెయ్యి రెట్లు వేగవంతం చేయడమే. రెండోది ఇంకా విచిత్రం. ఆరోగ్యంగా ఉన్న రక్తనాళం లోపలి గోడ మీద థ్రాంబోమాడ్యులిన్ అనే ప్రోటీను ఉంటుంది. థ్రాంబిన్ దానికి తగిలిందంటే, ఫైబ్రినోజెన్ పట్టుకోవలసిన చోటే అది కూర్చుంటుంది. ఇక ఫైబ్రినోజెన్‌కు జాగా లేదు. పైగా ఆ స్థితిలో ఉన్న థ్రాంబిన్ ప్రోటీన్ సి అనే మరొకదాన్ని కోసి చురుకు చేస్తుంది. ప్రోటీన్ సి వెళ్లి అయిదో, ఎనిమిదో కారకాలను ముక్కలు చేస్తుంది. ఇంతకుముందు థ్రాంబినే మేల్కొలిపిన ఆ రెండింటినే! గాయం దగ్గర గడ్డకట్టించే ఎంజైము, నాలుగు అడుగులు అవతల బాగున్న గోడ దగ్గర గడ్డను ఆపే ఎంజైము. ఎంజైము అదే, చోటు మారింది, పని తిరగబడింది. అందుకే విద్యార్థులకు నేను థ్రాంబిన్ ‘గడ్డకట్టించే ఎంజైము’ అని చెప్పను. చోటును బట్టి నడుచుకునే ఎంజైము అంటాను.

ఇప్పుడు రక్తపింజర దగ్గరికి. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉన్న స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1796లో తన పుస్తకంలో ఈ పామును ‘కాటుక రేకుల పొడ’ అనే తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. తరువాత శాస్త్రీయ నామంలోకి ఆయన పేరు చేరింది, ఇంగ్లీషు పుస్తకాల్లో ఇది రస్సెల్ పింజర అయింది. మన దగ్గర రక్తపింజర అనే అంటాం. దీని విషంలో చాలా రకాల ప్రోటీన్లు ఉన్నాయి. మనకు కావలసినవి రెండు. ఒకటి పదో కారకాన్ని నేరుగా చురుకు చేస్తుంది. మరొకటి అయిదో కారకాన్ని నేరుగా చురుకు చేస్తుంది. ఇంతకుముందు ప్రోథ్రాంబిన్‌ను మూడు లక్షల రెట్ల వేగంతో కోసే జట్టు అని చెప్పానే, ఆ జట్టులోని ఇద్దరినీ పాము తన చేత్తోనే లేపి నిలబెడుతోంది. గాయం అక్కర లేదు, కణజాల కారకం అక్కర లేదు, ఎనిమిది, తొమ్మిది కారకాలతో పనే లేదు. కాటు కాలి మీద పడ్డా విషం రక్తంతో పాటు ఊరంతా తిరుగుతుంది కాబట్టి థ్రాంబిన్ ఒళ్లంతా పుడుతుంది. అంత థ్రాంబిన్‌ను యాంటీథ్రాంబిన్, థ్రాంబోమాడ్యులిన్ పట్టుకోవడానికి చూస్తాయి, చాలావరకు పట్టుకుంటాయి కూడా. గుండెలోనో మెదడులోనో పెద్ద గడ్డ పడకుండా ఎక్కువమంది బయటపడుతున్నారంటే అందులో వీటి వాటా ఉంది. కానీ పట్టుకునేలోపే ఫైబ్రినోజెన్ మూతలు తెగిపోయి ఉంటాయి. అక్కడక్కడా పేరుకున్న సన్నపాటి ఫైబ్రిన్‌ను శరీరంలోనే ఉండే ప్లాస్మిన్ అనే ఎంజైము కరిగించేస్తుంది. కాసేపటికి ఫైబ్రినోజెన్ లేదు, అయిదో కారకం లేదు, ఎనిమిదో కారకం లేదు.

మన రాళ్ల నేలల్లో ఇంకో చిన్న పింజర కూడా ఉంది. చుట్ట చుట్టుకుని ఒంటి పొలుసులను ఒకదానితో ఒకటి రుద్ది రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. దీని విషంలో ఇకారిన్ అనే ఎంజైము ఉంది. అది ఇంత తతంగం కూడా పెట్టుకోదు, ప్రోథ్రాంబిన్‌నే నేరుగా ఒక్క చోట కోస్తుంది. అప్పుడు పుట్టేది సగం కోసిన థ్రాంబిన్. అయినా ఫైబ్రినోజెన్ మూతలు తీయడానికి అది చాలు. పైగా హెపారిన్, యాంటీథ్రాంబిన్ జోడీకి సులభంగా లొంగదు. ఫలితం మాత్రం అదే: గొట్టంలో గడ్డకట్టని రక్తం.

ఇదే విషాన్ని వైద్యులు తిరగేసి వాడుకున్నారని చెబితే మీకు నచ్చుతుందేమో. 1934లో లండన్‌లో మక్‌ఫార్లేన్, బార్నెట్ అనే ఇద్దరు రక్తపింజర విషాన్ని బాగా పలుచన చేసి హీమోఫిలియా రోగుల గాయం మీద పైపూతగా వాడి రక్తస్రావాన్ని ఆపవచ్చని చూపించారు. పైన చెప్పిన లెక్కతో చూస్తే కారణం తెలిసిపోతుంది. హీమోఫిలియాలో లేని కారకాలతో ఆ విషానికి అవసరమే లేదు, అది నేరుగా పదో కారకం దగ్గరికే వెళుతుంది. అదే మక్‌ఫార్లేన్ 1964లో గడ్డకట్టే ప్రక్రియను వరుస మెట్ల మీదుగా దూకే ఎంజైముల జలపాతంగా వర్ణించాడు. పాఠ్యపుస్తకాల్లో కారకాలన్నిటినీ వరుసగా చూపే పెద్ద బొమ్మకు మూలం అదే. నేటికీ రక్తపింజర విషంతో చేసే పరీక్ష ఒకటి పెద్ద ప్రయోగశాలల్లో ఉంది, పదేపదే గర్భస్రావాలు అవుతున్న కొందరిలో కారణం వెతకడానికి వాడతారు.

ఇప్పుడు గాజు గొట్టం. ఇరవై నిమిషాల పరీక్ష చూడటానికి చాలా తేలిక, చెడగొట్టడం ఇంకా తేలిక. సిర నుంచి తీసిన తాజా రక్తం సుమారు రెండు మిల్లీలీటర్లు, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా గది వేడిలోనే ఇరవై నిమిషాలు నిలబెట్టి, ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గొట్టం అంచుకు జారిందా, గడ్డ కట్టలేదన్నమాట. గొట్టం గాజుదే ఎందుకు కావాలంటే, గాజు తగిలినప్పుడు పన్నెండో కారకం చురుకెక్కి గడ్డకట్టడాన్ని మొదలుపెడుతుంది. ప్లాస్టిక్ గొట్టంలో బాగున్న మనిషి రక్తం కూడా సమయానికి గడ్డకట్టకపోవచ్చు. సబ్బు పొడితో కడిగి ఆరబెట్టిన పాత గొట్టంతోనూ అదే ఇబ్బంది. మధ్యమధ్యలో బంధువులు ఆత్రం కొద్దీ గొట్టాన్ని ఎత్తి వెలుతురుకు పెట్టి ఊపి చూడటం ఇంకొకటి. ‘దాన్ని ముట్టుకోవద్దు’ అని మా నర్సమ్మ రోజుకు ఎన్నిసార్లు అరిచేదో. ఒక విచిత్రం ఏమిటంటే, ఒంట్లో పన్నెండో కారకం పుట్టుకతో లేనివాళ్లకు రక్తస్రావం సమస్య ఏమీ ఉండదు. అది గాజు గొట్టానికి కావాలి గానీ గాయానికి అక్కర లేదు.

మీరు పంపిన కాగితంలో ప్రోథ్రాంబిన్ టైము బాగా పెరిగి ఉంది, డీ డైమర్ చాలా ఎక్కువగా ఉంది. ప్రోథ్రాంబిన్ టైము 1935లో ఆర్మండ్ క్విక్ తెచ్చిన పరీక్ష. నీలం మూత గొట్టంలో సిట్రేటు ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టకుండా ఆపుతుంది. తరువాత ప్లాస్మాకు కణజాల కారకాన్ని, కాల్షియాన్ని కలిపి ఎన్ని సెకన్లకు పోగు పడుతుందో చూస్తారు. సిట్రేటు ఒక పాలుకు రక్తం తొమ్మిది పాళ్లు ఉండాలి. సిర దొరకలేదని గొట్టాన్ని సగమే నింపి పంపితే సిట్రేటు ఎక్కువై, బాగున్న రక్తం కూడా ఆలస్యంగా గడ్డకట్టినట్టు చూపిస్తుంది. గీత దాకా నిండని నీలం గొట్టాన్ని నేను వెనక్కి పంపేసేవాణ్ని, ఎవరు కోప్పడినా సరే. ఇక డీ డైమర్. పదమూడో కారకం వేసిన బంధాలు గుర్తున్నాయి కదా? అలా బంధాలు పడిన ఫైబ్రిన్‌ను ప్లాస్మిన్ ముక్కలు చేసినప్పుడు మాత్రమే ఈ తునక వస్తుంది. గొట్టంలో గడ్డ పడని మనిషి రక్తంలో డీ డైమర్ అంత ఎక్కువగా ఉందంటే అర్థం ఒక్కటే: అప్పటికే ఒంట్లో థ్రాంబిన్ పని చేసింది, ఫైబ్రిన్ పుట్టింది, గట్టిపడింది, కరిగిపోయింది. మీ మొదటి ప్రశ్నకు జవాబు మీరు పంపిన కాగితం మీదే అచ్చయి ఉంది.

రెండో సందేహం. విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తయారైన ప్రతిదేహాలు. మన దేశంలో దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి ఉంటుంది. అది విషాన్ని పట్టుకుంటుంది, అంతే. ఖర్చయిపోయిన ఫైబ్రినోజెన్‌ను అది తిరిగి ఇవ్వలేదు. ఇవ్వవలసింది కాలేయం. విషం పని ఆగిన దగ్గర నుంచి రక్తం గడ్డకట్టే మోతాదుకు ఫైబ్రినోజెన్‌ను చేర్చడానికి కాలేయానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. అందుకే ఆరు గంటలకోసారి గాజు గొట్టం పరీక్ష మళ్లీ చేస్తారు. అప్పటికీ గడ్డకట్టకపోతే విషం ఇంకా తిరుగుతోందని లెక్క, మరో విడత విరుగుడు ఎక్కిస్తారు. మీ నాన్నగారికి జరిగింది సరిగ్గా అదే, దానికి డాక్టరును తప్పు పట్టనక్కర లేదు. ‘రక్తం ఎక్కిస్తే తొందరగా తేరుకునేవారు కదా’ అని మీ మేనమామ అన్నారని రాశారు. విషం ఆగకముందు ప్లాస్మా ఎక్కిస్తే అందులోని ఫైబ్రినోజెన్ కూడా అదే దారిన పోతుంది. ముందు విరుగుడు, తరువాతే మిగతావి. హెపారిన్‌తో థ్రాంబిన్‌ను ఆపవచ్చు కదా అని మీరు అడగకముందే చెబుతున్నాను: తర్కం బాగానే ఉంది, పింజర కాట్ల మీద ప్రయత్నించారు కూడా, మేలు కనిపించలేదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కాటు పడ్డ చోట బ్లేడుతో గాటు పెట్టి రక్తం పిండే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. ఫైబ్రినోజెన్ లేని మనిషికి గాటు పెడితే అది ఆగదు. కర్నూలుకు పంపిన కేసుల్లో కాటు కన్నా గాటు నుంచి ఎక్కువ రక్తం పోయినవాళ్లను చూశాను. అనంతపురం నుంచి అక్కడికి దాదాపు 150 కిలోమీటర్లు, దారి పొడవునా గుడ్డ తడుస్తూనే ఉంటుంది. తాడు బిగించి కట్టడం, పసరు పోయడం, నల్లరాయి పెట్టడం, ఇవన్నీ సమయాన్ని తినేసేవే. కాలు కదలకుండా ఉంచి, విరుగుడు దొరికే దగ్గరి ఆసుపత్రికి చేర్చడమొక్కటే పని. పాము కరిచిన వెంటనే గడ్డకట్టే పరీక్ష బాగానే ఉండి, కొన్ని గంటల తరువాత చెడటం కూడా ఉంటుంది, కాబట్టి మొదటి గొట్టం గడ్డకట్టింది కదా అని ఇంటికి వెళ్లిపోకూడదు.

మీ ఉత్తరం చివర నానమ్మ గుండె కవాటానికి ‘రక్తం పలుచబడే మందు’ వేసుకుంటున్నారని, అదీ ఇలాగే పనిచేస్తుందా అని ఒక వాక్యం ఉంది. ఆ మందు రక్తాన్ని పలుచన చేయదు. వార్ఫరిన్ జాతి మందులు విటమిన్ కె పనికి అడ్డుపడతాయి, దాంతో కాలేయం అతుక్కోలేని ప్రోథ్రాంబిన్‌ను తయారు చేస్తుంది. ఏడో కారకం ఆరు గంటల్లో సగానికి తగ్గుతుంది, ప్రోథ్రాంబిన్ సగం కావడానికి రెండున్నర రోజుల పైనే పడుతుంది. పరీక్షలో అంకె రెండో రోజుకే పెరిగినా నిజమైన రక్షణ ఆలస్యంగా వచ్చేది అందువల్లే. ఆమెను ఆకుకూరలు మానేయమనకండి. వారం వారం ఒకే మోతాదులో తినమనండి. ఒక వారం పాలకూర గంపెడు, మరో వారం సున్నా అయితేనే చిక్కు. పాము కరవడానికీ ఈ మందుకూ తేడా ఒక్కటే: మందు థ్రాంబిన్ పుట్టుకను తగ్గిస్తుంది, పాము దాన్ని విచ్చలవిడిగా పుట్టిస్తుంది. రెండు చోట్లా గొట్టంలో కనిపించేది ఆలస్యంగా గడ్డకట్టే రక్తమే.

మూడో సందేహం. గడ్డకట్టే గుణం విషయంలో భయం లేదు. విషం పోయాక కాలేయం కొన్ని రోజుల్లో అన్నీ భర్తీ చేస్తుంది, జీవితాంతం ఉండే లోపం ఏదీ మిగలదు. చూసుకోవలసినవి రెండు. ఒకటి మూత్రపిండాలు. రక్తపింజర కాటులో వాటికి దెబ్బ తగలడం తరచుగా చూస్తాం. సన్నని నాళాల్లో పేరుకున్న ఫైబ్రిన్, పడిపోయిన రక్తపోటు, విషం నేరుగా చేసే హాని, అన్నీ కలుస్తాయి. ఇంటికి వచ్చిన తరువాత కూడా మూత్రం తగ్గుతోందా, ముఖం, పాదాలు ఉబ్బుతున్నాయా చూడండి. డాక్టరు చెప్పిన తేదీకి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష తప్పక చేయించండి.

రెండోది చాలామందికి తెలియదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి కొందరిలో ఈ కాటు వల్ల దెబ్బతింటుంది. అప్పటికప్పుడు బయటపడకుండా నెలల తరువాత, ఒక్కోసారి ఏళ్ల తరువాత కనిపిస్తుంది. తీరని నీరసం, ఆకలి లేకపోవడం, చలికి తట్టుకోలేకపోవడం, చంకల్లో వెంట్రుకలు రాలిపోవడం, రక్తపోటు తక్కువగా ఉండటం. పొలం పనికి పోలేకపోతున్నాడంటే వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. అలాంటిది ఏమైనా కనిపిస్తే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందుగా ‘ఫలానా ఏడాది రక్తపింజర కరిచింది, రక్తం గడ్డకట్టలేదు’ అని చెప్పండి. కార్టిసాల్, థైరాయిడ్ పరీక్షలు చేస్తే తెలిసిపోతుంది, మాత్రలతో సరిచేయవచ్చు. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితాన్ని పారేయకండి, ఫోనులో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.